చెయ్యి, గొడ్డలి, నీ స్టైపెండ్

ప్రశ్న: అక్కా, నమస్తే. పీహెచ్‌డీ కోసం తైవాన్‌లోని షిన్‌చుకు వచ్చాను. ఒక దుకాణంలో దుప్పట్ల మీద 85 అనే పెద్ద అంకె, దాని పక్కన ఒక చైనా అక్షరం కనిపించాయి. నూటికి 85 తగ్గిస్తున్నారనుకుని రెండు తీసుకుంటే బిల్లు దాదాపు అసలు ధరకే వచ్చింది. ఫోటో జతచేశాను. ఆ అక్షరానికి అర్థం ఏమిటి? ఈ భాష ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? స్నేహితులు కూడా ఎవరూ లేరు, సాయంత్రాలు ఏమీ తోచడం లేదు.

జవాబు: తమ్ముడూ, ఫోటో చూశాను. నిన్ను ఎవరూ మోసం చేయలేదు. వాళ్లు రాసింది రాసినట్టే లెక్క కట్టారు, నువ్వు దాన్ని తిరగేసి చదివావు. ఆ అక్షరాన్ని (折) ‘జ’ అంటారు. నాలుకను కాస్త వెనక్కి మడిచి, ప్రశ్న అడుగుతున్నట్టు గొంతు పైకి లేపుతూ పలకాలి. దాని ముందున్న అంకె నీకు తగ్గించేది కాదు, నువ్వు కట్టవలసింది. 8 ఉంటే పదింట ఎనిమిది వంతులు కట్టాలి. 85 ఉంటే నూటికి ఎనభై అయిదు కట్టాలి, అంటే నీకు తగ్గింది పదిహేను శాతమే. ఆషాఢం సేల్ బోర్డులు చూసి పెరిగిన వాళ్లం కనుక అంకె పెద్దదైతే లాభం కూడా పెద్దదని మన కళ్లు చెబుతాయి. ఇక్కడ కట్టే వంతు ఎంత చిన్నదైతే అంత మేలు.

నేను వచ్చిన కొత్తలో నాకు ఇది చెప్పేవాళ్లు లేరు. షిన్‌చుకు గాలి నగరమని పేరు. శరదృతువులో ఈశాన్యం నుంచి మొదలయ్యే గాలి ఏమిటో నువ్వూ ఈపాటికి చూసే ఉంటావు. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న స్వెట్టరు ఆ గాలికి ఏ మూలకూ సరిపోలేదు. కోటు కొందామని వెళ్తే ఒకే వీధిలో ఎదురెదురుగా రెండు దుకాణాలు, ఒకదాని అద్దం మీద 9, రెండోదాని అద్దం మీద 7. నేను 9 ఉన్న దుకాణంలోకి వెళ్లాను. రెండు వేల తైవాన్ డాలర్ల కోటుకు 1,800 అడిగారు. ఎందుకని అడగడానికి భాష రాదు, వెనక వరుసలో జనం, కట్టేసి వచ్చాను. అదే రకం, అదే ధర చీటీ ఉన్న కోటు ఎదురు దుకాణంలో 1,400కు వచ్చేదని తర్వాత తెలిసింది. నాలుగు వందల తైవాన్ డాలర్లంటే వెయ్యి రూపాయల పైమాటే. ఇంటికి పంపాల్సిన డబ్బును నెలనెలా లెక్కపెట్టుకుని బతికే రోజులవి. ఆ నాలుగు వందలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మరుసటి రోజు ల్యాబ్‌లో ఒక సహాధ్యాయిని కాగితం మీద ఆ అక్షరం రాసి చూపించింది. నువ్వూ రాసి చూడు, మొత్తం ఏడు గీతలే. ఎడమవైపు మూడు గీతలు చెయ్యి, కుడివైపు నాలుగు గీతలు గొడ్డలి. అతి పాత రూపాల్లో ఎడమవైపు ఉన్నది చెయ్యి కాదు, రెండుగా తెగిన మొక్క. రాతలో మారుతూ మారుతూ అది చెయ్యిగా స్థిరపడింది. కాబట్టి దీని మూలార్థం విరవడం, తుంచడం. మడత పెట్టడానికీ, దారి మలుపు తిరగడానికీ, ఎముక విరగడానికీ ఇదే అక్షరం వాడతారు. దుకాణంవాడు ధరను విరుస్తాడు, విరవగా మిగిలిన ముక్క నువ్వు కడతావు. ఇది పట్టుబడిన తర్వాత నేను ఆ అంకెను ఇక తప్పు చదవలేదు.

చుట్టుపక్కల అక్షరాలు కూడా చూసుకో. కుడివైపు గొడ్డలి మీద ఒక చిన్న చుక్క అదనంగా ఉంటే అది వేరే అక్షరం, కూల్చడం, విప్పడం అని అర్థం. గొడ్డలి ఒక్కటే కూరగాయల ధర పక్కన ఉంటే అది తూకం. తైవాన్‌లో దానికి 600 గ్రాములు, చైనాలో 500 గ్రాములు. కిలో అనుకుని టమాటాలు బేరం చేశావో, దుప్పట్ల కథే మళ్లీ.

లెక్క నోటితోనే వేయవచ్చు. అంకె ఒకటే ఉంటే ధరలో చివరి సున్న తీసేసి దానితో గుణించు. 1,200 వస్తువు మీద 8 ఉంటే 120ని ఎనిమిదితో గుణిస్తే 960. రెండంకెలుంటే నూటికి అంత అనుకో. ఇక్కడ కొత్త పుస్తకాల మీద తరచు 79 కనిపిస్తుంది, 500 పుస్తకానికి 395 కట్టాలి. హై స్పీడ్ రైలులో ముందుగా కొనేవాళ్లకు 65, 8, 9 అని మూడు రకాల టిక్కెట్లు ఉంటాయి. తైపే నుంచి దక్షిణ చివరి స్టేషన్ జువోయింగ్‌కు మామూలు టిక్కెట్టు 1,490. 65ది దొరికితే 970 లోపే ప్రయాణం. అవి ఎన్ని రోజుల ముందు తెరుస్తారో, విద్యార్థులకు ఏమిస్తారో వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, చదువుకో.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచి కావాలి. అంకె అక్షరానికి ముందు ఉంటే నువ్వు కట్టే వంతు. అక్షరం తర్వాత వస్తే మాత్రం తగ్గించే డబ్బు. వెయ్యి దాటితే ‘జ’ 100 అని ఉందంటే వంద డాలర్లు తీసేస్తారు. బిల్లు 930 అయినప్పుడు ఆ వంద కోసం ఇంకో 150 పెట్టి అక్కరలేనిది కొంటే చేతి నుంచి పోయేది 980. నేను అలా ఇంటికి తెచ్చిన డబ్బాలు, సీసాలు కొన్ని మూత కూడా తీయకుండానే గడువు దాటాయి. చిల్లర దుకాణాల్లో రెండో వస్తువుకు 6 అని రాస్తారు. వంద చొప్పున రెండు కొంటే 160, అంటే ఒక్కొక్కటి ఎనభై. రెండూ కావలసినవైతే మంచిదే. ఒకటే కావాలంటే వంద కట్టి బయటకు రా. శరదృతువులో పెద్ద దుకాణాల వార్షిక అమ్మకాలప్పుడు 8 పక్కన ‘నుంచి’ అనే అర్థం వచ్చే ఇంకో అక్షరం కూడా ఉంటుంది. దుకాణంలో అన్నిటికంటే ఎక్కువ తగ్గినది 8 అని దాని భావం. నువ్వు చేతిలోకి తీసుకున్నది 95 కావచ్చు.

ఇంకొక చోట ఈ అక్షరం తెలియక నాకు పెద్ద దెబ్బే తగిలింది. మొదటి అద్దె గది ఖాళీ చేసేటప్పుడు ఫ్రిజ్‌లో ఒక అర పగిలి ఉందని ఇంటి యజమాని కొత్త ఫ్రిజ్ ధర మొత్తం అడ్వాన్సులో కోసుకున్నారు. ఆ ఫ్రిజ్ నాకంటే ముందు ఎంతమంది అద్దెదారులను చూసిందో. ‘జ’ పక్కన పాత అనే అక్షరం చేరిస్తే తరుగుదల అవుతుంది. పాత వస్తువుకు నష్టం లెక్క కట్టేటప్పుడు వాడిన కాలానికి తరుగుదల తీసివేయడం ఇక్కడి కోర్టుల పద్ధతి. బంగారం కొనేటప్పుడు తరుగు పేరుతో మన దగ్గర తీసుకుంటారు, ఇక్కడ తరుగుదల పేరుతో నువ్వు తగ్గించమని అడగాలి. ఈ మాట అప్పుడు తెలిసి ఉంటే కాగితం మీద రాసి చూపించేదాన్ని. నువ్వు గదిలో దిగిన రోజే ప్రతి వస్తువుకూ ఫోటో తీసి పెట్టుకో. అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని చట్టం ఉంది, మిగతా నిబంధనలు ప్రభుత్వ సైట్లలో చూసుకో.

ఇదే అక్షరాన్ని ‘జ’ అనకుండా ‘ష’తో పలికి, మూలధనం అనే అక్షరం చేరిస్తే పెట్టుబడి పోగొట్టుకోవడం. ఎముక అనే అక్షరం ముందు ఉంటే ఆసుపత్రిలో ఎముక విరగడం, దుకాణం బోర్డు మీద మాత్రం ధరను ఎముకలు విరిగేదాకా తగ్గించామని గొప్ప. స్కూటరు నడుపుతావేమో, మొదటి అర్థం నీకు అవసరం పడకూడదు. ప్రభుత్వ ఆరోగ్య బీమా సాధారణంగా ఆరు నెలల నివాసం తర్వాతే మొదలవుతుంది.

చైనాలో వైద్యం చదువుతున్న మన పిల్లలకూ ఈ అంకెల లెక్క ఇదే. జపాన్ వెళ్లేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. అక్కడ వేరే అక్షరం వాడతారు, 2 అంటే ఇరవై శాతం తగ్గింపే.

భాష ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడిగావు. యూనివర్సిటీలో తరగతులు ఉంటాయి, చేరు. కానీ మొదట డబ్బు చుట్టూ తిరిగే అక్షరాలు నేర్చుకో. నేను అలాగే నేర్చుకున్నాను. ఇవాళ కూరగాయల సంత నుంచి ఇంటి కొనుగోలు ఒప్పందం దాకా ఎవరి సాయమూ లేకుండా చదువుకుంటున్నాను. స్నేహితులు మెల్లగా అవుతారు. సాయంత్రం తోచకపోతే చిల్లర దుకాణాల్లో గడువు దగ్గరపడిన తిండి మీద 7, 65 చీటీలు అంటిస్తారు, వెళ్లి చదువు. శాకాహారివైతే, శాకాహారమని తెలిపే ‘సు’ (素) అనే అక్షరం ఉందో లేదో చూశాకే తీసుకో.

బిల్లు చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి చూడు. తగ్గించిన మొత్తం ముందు సాధారణంగా మైనస్ గుర్తు ఉంటుంది, ఆ వరుసలో తరచు ఈ అక్షరం కూడా. తగ్గింపు పడకపోతే వేలుపెట్టి చూపించు, మాట రాకపోయినా సరిచేస్తారు. చూశాక ఆ బిల్లు పారేయకు. దాని మీది అంకెలకు బేసి నెలల 25వ తేదీన ప్రభుత్వం లాటరీ తీస్తుంది, చిన్న బహుమతి 200 డాలర్లు, విదేశీయులకూ ఇస్తారు.