ఫ్రాన్స్ బళ్లో ఇంగ్లిష్ చెప్పడానికి మా అమ్మాయా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసొచ్చాను. మా అమ్మాయి అమలాపురంలో బి.ఏ. రెండో సంవత్సరం. ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్స్‌లో పిల్లలకు ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్తానంటోంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. అసలిలాంటి ఉద్యోగం ఉందాండీ? ఏజెంటుకు ఎంతవుతుంది?

జవాబు: ఉద్యోగం ఉందమ్మా, ఏజెంటే లేడు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఏటా వేరే దేశాల కుర్రకారును తమ బళ్లలో భాషా సహాయకులుగా పెట్టుకుంటుంది. మనవాళ్లు దరఖాస్తు పెట్టేది నేరుగా ఫ్రెంచి రాయబార కార్యాలయపు సాంస్కృతిక విభాగం, ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఇన్ ఇండియా ద్వారా. మధ్యలో ఎవరైనా లక్షలడిగితే ఏమనాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

పని అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, వారానికి 12 గంటలు. టీచరు పక్కనుండి పిల్లల చేత ఇంగ్లిష్ మాట్లాడించాలి. చేతికి నెలకు సుమారు 800 యూరోలు. అద్దె, తిండి అందులోంచే. కాబట్టి కువైట్ లెక్క వేయకండి, ఇంటికి పంపడానికేం మిగలదు. పైగా విమానం టికెట్టు, మొదటి జీతం వచ్చేదాకా ఖర్చులు మీరే చూసుకోవాలి. పారిస్ కలలుగన్న పిల్లను ఏ మారుమూల ఊళ్లోనో వేయొచ్చు కూడా. ఒప్పందం ముగిశాక తిరిగి రావడమే.

అసలు చిక్కు ఫ్రెంచి దగ్గర. యానాం పక్కనే ఉందిగా అనుకునేరు, ఫ్రెంచివాళ్లు 1954లోనే పెట్టె సర్దుకున్నారు! బి1 స్థాయికి, అంటే ఏ1, ఏ2 దాటాక వచ్చే మూడో మెట్టుకు, చేరాకే దరఖాస్తు మాట. దానికి 350 నుంచి 400 గంటల చదువు పడుతుంది. రోజుకు గంటన్నర చొప్పున తొమ్మిది నెలలు. ఆ స్థాయికి పెట్టే డెల్ఫ్ అనే ఫ్రెంచి పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోదానికి 25 మార్కులు. మొత్తం 50 వస్తే పాసు, కానీ దేన్లోనూ 5 కంటే తగ్గకూడదు. మన పిల్లలు రాతలో గట్టెక్కేస్తారు, వినడంలో దొరికిపోతారు. డిగ్రీ దాకా రాయించామే తప్ప వినిపించిందెక్కడ?

ఇక్కడ మీరే పనికొస్తారు. కువైట్‌లో మీకు అరబ్బీ ఎలా పట్టుబడిందో పిల్లకు చెప్పండి. పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. ఒకటి తెమ్మంటే ఇంకోటి తెచ్చి, మాటలు పడి నేర్చుకునుంటారు. తప్పు మాట్లాడ్డానికి సిగ్గుపడనిది మీరు. మీ అమ్మాయికి ఇంకా ఆ ధైర్యం రాలేదేమో.

ఫ్రెంచి నేర్పే సంస్థ హైదరాబాద్ అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఆన్‌లైన్ తరగతులున్నాయేమో అడగమనండి. ముందు ఏ1 ఒక్కటి రాయనివ్వండి. అదయ్యాక కూడా హుషారు తగ్గకపోతే బి1కి ఫీజు కట్టండి. ఫ్రాన్స్ కుదరకపోయినా, డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఎం.ఏ. ఫ్రెంచికి ఆ చదువు అక్కరకొస్తుంది. బి.ఏ. మాత్రం మధ్యలో ఆపనివ్వొద్దు.