మెదడులో పురుగు తిత్తి ఉందంటే ఆపరేషన్ తప్పదా?

మీ అబ్బాయికి ఫిట్స్ వచ్చాయనీ, స్కాన్‌లో మెదడు పైపొరలో 9 మిల్లీమీటర్ల తిత్తి ఒక్కటే కనిపించి న్యూరోసిస్టిసెర్కోసిస్ (మెదడులో బద్దె పురుగు పిల్ల తిత్తి కట్టే జబ్బు) అని రాశారనీ, మాంసం ముట్టని ఇంట్లో ఇది ఎలా వచ్చిందో, ఆపరేషన్ తప్పదేమో అనీ అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. ఇదే జబ్బుకు మా తమ్ముడికి ఆపరేషన్ జరిగినప్పుడు పక్కనున్నవాణ్ణి.

మాంసం సంగతి ముందు చెబుతాను, మా ఇంట్లోనూ మొదటి గొడవ దాని మీదే నడిచింది. సరిగ్గా ఉడకని పంది మాంసం తిన్నవారికి పేగుల్లో బద్దె పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తి ఏర్పడేది మాత్రం ఆ పురుగు గుడ్లు, అది ఉన్న మనిషి మలం నుంచి నీళ్ల ద్వారానో, పచ్చి కూరల ద్వారానో, కడుక్కోని చేతుల ద్వారానో మన కడుపులోకి చేరినప్పుడు. కాబట్టి శాకాహారులకూ వస్తుంది.

మా తమ్ముడి తిత్తి మెదడులో నీరు పారే మూడో గదిలో పడింది. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి తల వంచితే చాలు, కళ్లు చీకట్లు కమ్మి కూలబడేవాడు, లేవగానే వాంతి అయ్యేది. తిత్తి దారికి అడ్డుపడి నీరు నిలిచిపోతోందనీ, అక్కడ మందుతో పురుగును చంపితే వాపు వచ్చి పరిస్థితి విషమించవచ్చనీ చెప్పి, సర్జన్ పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఎండోస్కోపుతో దాన్ని బయటకు తీశారు. తర్వాత సీసాలో చూపించారు: ద్రాక్ష తొక్కలా ముడుచుకుపోయిన పల్చటి పొర, దానికో మూల సగ్గుబియ్యం గింజ కన్నా చిన్న తెల్లటి చుక్క. ఆ చుక్కే పురుగు తల. తిత్తి గోడకు అతుక్కుపోయి ఉంటే లాగకుండా, షంట్ గొట్టం వేసి నీటిని కడుపులోకి మళ్లిస్తారట. మావాడికి ఆ అవసరం రాలేదు.

మీ అబ్బాయి విషయం వేరు. ఒకప్పుడు మన దేశంలో ఇలాంటి ఒంటరి మచ్చలను క్షయ గడ్డలనుకుని టీబీ మందులు వాడేవారు. వాటిలో చాలావరకు పురుగు తిత్తులేనని వెల్లూరు సీఎంసీ వైద్యులు చాందీ, రాజశేఖర్ తదితరులు ఆపరేషన్‌లో తీసిన ముక్కలను పరీక్షించి 1989లో చూపించారు. 20 మిల్లీమీటర్ల లోపుండి, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు లేని తిత్తికి సాధారణంగా ఫిట్స్ మందు, ఆల్బెండజోల్, స్టెరాయిడ్ సరిపోతాయి. అయితే నులిపురుగుల మాత్రే కదా అని ఆల్బెండజోల్‌ను దుకాణంలో కొని మీరే మొదలుపెట్టకండి. కంట్లో కూడా తిత్తి ఉంటే ఆ మందు చూపుకే ముప్పు తేవచ్చు గనుక, ముందుగా కళ్ల పరీక్ష చేయించారో లేదో మీ న్యూరాలజిస్టును అడగండి.