మెచ్చుకోలు కేకుతో సరిపోదు

ప్రశ్న: మెడికల్ వార్డు ఇన్‌ఛార్జ్‌గా పనిచేస్తున్నాను. ఏటా మే 12న నర్సుల దినోత్సవం జరుపుతాం, కేకు కోస్తాం, బహుమతులిస్తాం. అయినా ‘మా పని ఎవరికి పట్టింది?’ అనే మాటే సిబ్బంది నోట వినిపిస్తోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: కేకు అందరికీ ఒకటే. అందులో ఎవరి పనీ విడిగా కనిపించదు. పైగా నర్సు పనిలో ఎక్కువ భాగం ఏదో ఒక కీడు జరగకుండా ఆపడమే. రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే పడకపుండు పడదు. సెలైన్, మందులు ఎక్కించడానికి పెట్టే సన్నని గొట్టం (క్యాన్యులా) దగ్గర ఎరుపు, వాపు మొదట్లోనే చూసి తీసేస్తే రక్తనాళం పాడవదు. శ్వాస నిమిషానికి 16 నుంచి 26కి పెరిగిందని పసిగట్టి వెంటనే డాక్టరును పిలిస్తే రోగి ఐసీయూ దాకా వెళ్లే అవసరం తప్పవచ్చు. జరగని ప్రమాదాన్ని ఎవరూ చూడరు, దాని ఆనవాలు చార్టులోనే ఉంటుంది. మెచ్చుకోవాలనుకునే ఇన్‌ఛార్జ్ ముందు చార్టు చదవాలి.

చెప్పేటప్పుడు ‘బాగా చేశావమ్మా’తో ఆపకండి. ఏం గమనించారు, ఏం చేశారు, రోగికి ఏం మేలు జరిగింది, ఈ మూడూ చెప్పండి. ‘ఏడో బెడ్ పేషెంటుకు మూత్రం తగ్గిందని రాత్రి రెండింటికే చెప్పారు. అందుకే తెల్లారేలోపు మందు మార్చగలిగాం’ అన్నట్టుగా. డ్యూటీ దిగేలోపు, లేదంటే మర్నాటి హ్యాండోవర్ (తర్వాతి డ్యూటీవారికి అప్పగింత) లోపు చెప్పాలి. నెలాఖరు మీటింగు దాకా ఆగితే విషయం చల్లారిపోతుంది. అదే మాటను నాలుగు వాక్యాల్లో రాసి పర్సనల్ ఫైల్లో పెట్టి, ఒక కాపీ వారికివ్వండి. ప్రమోషన్ వేళ పనికొచ్చేది ఆ కాగితమే. అందరి ముందూ పొగిడితే ఇబ్బందిపడేవారుంటారు, ముందుగా అడిగి తెలుసుకోండి. నోటీసు బోర్డుమీద పెడితే రోగి పేరుగానీ గుర్తుపట్టే వివరాలుగానీ ఉండకూడదు.

‘ఈ నెల ఉత్తమ నర్సు’ పద్ధతి చాలాచోట్ల రెండు రకాలుగా చెడుతుంది. వంతులవారీగా తిరిగితే విలువ పోతుంది. పగటి డ్యూటీ డాక్టర్లే పేర్లు సూచిస్తే నైట్ డ్యూటీవాళ్లు ఎవరి కంటా పడరు. షిఫ్టుకో రిజిస్టరు పెట్టి, తోటి నర్సులనూ రాయనివ్వండి. వరసగా రెండు డ్యూటీలు చేసినందుకు మాత్రం అవార్డు ఇవ్వకండి. అలసిన చేతులతో మందుల పొరపాట్లు పెరుగుతాయి, మిగతావాళ్లకూ అదే కొలమానమైపోతుంది.

‘మీరు దేవతలు’ అనే పొగడ్త చాలామంది నర్సులను నొప్పిస్తుంది. చదువుతో, అనుభవంతో వచ్చిన నైపుణ్యాన్ని అది పుట్టుకతో వచ్చిన గుణంగా మార్చేస్తుంది. జీతం, సిబ్బంది కొరత గురించి అడిగినప్పుడు అదే మాట అడ్డొస్తుంది. అమెరికాలోని క్రిటికల్ కేర్ నర్సుల సంఘం మంచి పని వాతావరణానికి 2005లో ప్రకటించిన ఆరు ప్రమాణాల్లో అర్థవంతమైన గుర్తింపు ఒకటైతే, సరిపడా సిబ్బంది మరొకటి. రెండోది లేకుండా మొదటిది నిలవదు. మందు మోతాదుమీద నర్సు సందేహం చెప్పినప్పుడు డాక్టరు ఆగి సరిచూసుకుంటే, ఏ జ్ఞాపికా దానికి సాటిరాదు.

ప్రశ్న: మా అమ్మను ఎంతో బాగా చూసుకున్న సిస్టర్‌కు డబ్బు ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు, ఆమె ఇరుకున పడవచ్చు. ఉత్తరం రాయండి. నర్సు పేరు, వార్డు, తేదీ, ఏ షిఫ్టు, ఆమె చేసిన ఒక్క పని స్పష్టంగా ఉండాలి. ‘ఆపరేషన్‌కు ముందు అమ్మ భయపడితే పక్కన కూర్చుని ఏమేం జరుగుతుందో వివరించారు’ అంటే చాలు. నర్సింగ్ సూపరింటెండెంటుకు ఒకటి, ఆ సిస్టర్‌కు ఒకటి ఇవ్వండి. 1999లో పాట్రిక్ బార్న్స్ అనే రోగి చనిపోయాక, ఆయనకు సేవ చేసిన నర్సులకు కృతజ్ఞతగా కుటుంబసభ్యులు డైసీ అవార్డు మొదలుపెట్టారు. దానికీ రోగులు, బంధువులు, తోటి సిబ్బంది రాసి పంపే అనుభవాలే ఆధారం.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. నేను చేసింది నేనే చెప్పుకుంటే గొప్పలుపోయినట్టు కాదా?

జవాబు: కాదు. చిన్న నోటుబుక్కులో తేదీ, సమస్య, చేసిన పని, ఫలితం రాసుకోండి. రోగుల పేర్లు, బెడ్ నంబర్లు వద్దు. వార్షిక సమీక్షకు వాటిలోంచి మూడు నాలుగు ఎంచుకుని తీసుకెళ్లండి. హ్యాండోవర్‌లో ‘ఇబ్బందేమీ లేదు’ అనే బదులు ‘జ్వరం పెరుగుతుంటే పదింటికి చెప్పాను, బ్లడ్ కల్చర్ పంపాం’ అనండి. తర్వాత డ్యూటీకి వచ్చేవారికీ ఆ సమాచారం కావాలి.