కూవం గట్టున పార్కు కోసం ఇల్లు ఖాళీ చేయమంటే

ప్రశ్న: చెన్నై చింతాద్రిపేట దగ్గర కూవం నది గట్టున ఇరవై రెండేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. నేను నాలుగిళ్లలో పనిచేస్తాను. గట్టున చెట్లు నాటి నడకదారి వేస్తామని తలుపుల మీద నంబర్లు రాసి వెళ్లారు. మమ్మల్ని ఊరి శివారున పెరుంబాక్కంలో ఇచ్చే ఇళ్లకు వెళ్లమంటున్నారు. పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇళ్లు కూల్చకూడదని సుప్రీంకోర్టు చెప్పిందట, నిజమేనా?

జవాబు: అమ్మా, మీరు విన్నది సగమే. 2024 నవంబరు 13 నాటి తీర్పులో ఆ గడువు ఉంది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, నదులు, చెరువుల దగ్గరి అనధికార కట్టడాలకు అది వర్తించదని కూడా అందులోనే ఉంది. కాబట్టి దాని మీదే భరోసా పెట్టుకోవద్దు.

అంతమాత్రాన చెప్పకుండా తోసేయవచ్చని కాదు. బతుకుతెరువు జీవించే హక్కులో భాగమని, నోటీసు ఇవ్వకుండా, వాళ్ల మాట వినకుండా మామూలుగా ఎవరినీ ఖాళీ చేయించకూడదని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ భూమి ఆక్రమణలపై తమిళనాడులో ఉన్న 1905 నాటి చట్టం 7వ సెక్షన్ కూడా ముందు నోటీసు ఇవ్వాలంటుంది. గట్టున ఉండిపోయే హక్కు వీటివల్ల రాదు. మీ మాట వినిపించే హక్కు వస్తుంది.

నాకు ఎక్కువ భయం మీ అద్దె గురించే. లెక్కింపు మొదలవగానే ఎక్కడో ఉంటున్న యజమాని వచ్చి, మిమ్మల్ని పంపేసి కొత్త ఇంటి కేటాయింపు తన పేరున రాయించుకునే ప్రమాదం ఉంది. మీ పేట 1971 నాటి తమిళనాడు మురికివాడల చట్టం కింద మురికివాడగా ప్రకటించినదైతే, అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా మిమ్మల్ని ఖాళీ చేయించే దావా వేయడానికి 29వ సెక్షన్ ఒప్పుకోదు. ప్రకటించారో లేదో పట్టణ ఆవాస అభివృద్ధి బోర్డులో అడగండి.

ఈ రోజే తలుపు మీది నంబరు కనబడేలా ఇంటిల్లిపాదీ నిలబడి ఫొటో తీయించుకోండి. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల బడి ధ్రువపత్రం జతచేసి, ఇక్కడ నివసిస్తున్నది మేమేనని బోర్డుకు అర్జీ రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర లేకుండా ఇంటికి రావద్దు. దగ్గరలోనే ఇల్లు కావాలని, లేదంటే విద్యా సంవత్సరం ముగిసేదాకా ఆగాలని అందులోనే అడగండి. పెరుంబాక్కం ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి నుంచి తెల్లారేసరికి పనికి చేరడం ఎంత కష్టమో అర్జీలో వివరించండి.

సమాచార హక్కు కింద సర్వే పటం కూడా కోరండి. మీ ఇంటి చోటు నీటి ప్రవాహానికి కావాలా, నడకదారికి మాత్రమే కావాలా అన్నది తేలాలి. నడకదారికే అయితే, దాన్ని కాస్త పక్కకు జరిపి ఇళ్లను ఉంచవచ్చు కదా అని హైకోర్టులో గట్టిగా వాదించవచ్చు. నది బాగుపడాలి, అందుకు మీ బతుకు చెడనక్కరలేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

ఖర్చు గురించి దిగులు వద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోను చేయండి. నోటీసు తమిళంలో వస్తే చదివించుకోకుండా వేలిముద్ర వేయవద్దు.