చ్యూట్‌కి కన్నం పడుతోందన్న నీ ఉత్తరానికి జవాబు

చిరంజీవి నాయనా,

ఆశీస్సులు. మీ ఫ్యాక్టరీలో పొడి పైనుంచి కిందికి జారే ఇనుప దారికి, అదే చ్యూట్‌కి, మూడు నెలలకోసారి కన్నం పడుతోందని, ఈసారి ఇంకా మందం ప్లేటు వేయిద్దామనుకుంటున్నానని రాశావు. ఆ ఆర్డరు ఒక్క వారం ఆపు. ముందు లైను ఆపించి, కరెంటు తీయించి, స్విచ్చికి తాళం వేసుకున్నాక టార్చి పట్టుకుని లోపల అరుగుదల ఏ ఆకారంలో ఉందో చూడు. వాలు వెంబడి పొడుగ్గా గాళ్లు పడ్డాయంటే పొడి జారుతూ గీరుతోంది. ఒకేచోట గిన్నెలా గుంట పడిందంటే పైనుంచి పడి కొడుతోంది. ఈ రెండు జబ్బులకీ మందు ఒకటి కాదు.

గుంట పడితే ముందు చూడాల్సింది ఎత్తు. రెండు మీటర్ల పైనుంచి పడ్డ పొడి సెకనుకి 6 మీటర్లకి పైగా వేగంతో తగులుతుంది. అర మీటరు నుంచైతే 3 మీటర్లే. తగిలేచోట అరుగుదల దాదాపు వేగం వర్గంతో పెరుగుతుంది గనక, వేగం సగమైతే అరుగుదల పావు వంతుకి దిగుతుంది. ఏ ఖరీదైన ప్లేటూ అంత మేలు చేయడం నేను చూడలేదు. పొడి పడేచోట అడ్డంగా ఒక గట్టు కట్టు. అక్కడ కొంత సరుకు నిలిచిపోతుంది, ఆపైన పొడి పొడి మీదే పడుతుంది, ఇనుము జోలికి రాదు. దీన్నే రాక్ బాక్స్ అంటారు. తేమ పట్టి అంటుకునే పొడికీ, నిలవుంటే చెడిపోయే సరుకుకీ మాత్రం పెట్టకు, చ్యూట్ మూసుకుపోతుంది.

గాళ్లు పడే చోట గట్టిదనమే ముఖ్యం. మీ పొడిలో ఇసుక ఉంది కదా, గట్టిదనం కొలిచే మోస్ కొలతలో అది 7. మామూలు ఉక్కు దానికి చాలా కింద, అల్యూమినా అనే పింగాణీ లాంటి టైలు 9. అందుకే అక్కడ టైల్సు బాగా పనిచేస్తాయి. పెద్ద గడ్డలు సూటిగా వచ్చి పడేచోట వేస్తే మాత్రం పగులుతాయి. మాంగనీస్ స్టీలు వేయమని ఎవరైనా చెబితే వినకు. గట్టి దెబ్బలు తగిలితేనే అది గట్టిపడుతుంది, మెత్తటి పొడికి ఆ బలం ఎక్కడిది?

టైల్సు అతికించేటప్పుడు పక్కనే నిలబడు. నేనొకసారి మేస్త్రీకి వదిలేసి వచ్చేశాను. జాయింట్లన్నీ వాలు వెంట ఒకే గీతలో పెట్టేశాడు. పొడికి దారి దొరికినట్టయింది. ఆ సందులో జిగురు కోసేసి, వెనక ప్లేటుని రంపంతో కోసినట్టు చీల్చింది. పైన టైల్సు మాత్రం కొత్తవిలాగే మెరుస్తున్నాయి! ఇటుక గోడలో లాగా జాయింటు తప్పించి వేయించు.

ఇక అతుకుల సంగతి. లోపలివైపు 6 మిల్లీమీటర్ల ముక్క వెల్డు చేస్తే దాని పై అంచు మెట్టులా నిలబడుతుంది. పొడి అక్కడ ఎగిరి, ముక్క దాటాక కొడుతుంది. మీ కొత్త కన్నం పాత అతుక్కి సరిగ్గా కిందే పడిందని నువ్వే రాశావు, కారణం ఇదే. తప్పనిసరైతే బయటివైపు నుంచి వేయించు, అదీ తర్వాతి షట్‌డౌన్ వరకే. పొడి మండే గుణం ఉన్నదైతే దుమ్మంతా తుడిపించకుండా వెల్డింగు ముట్టించొద్దు నాయనా, ఈ మాట మాత్రం మరువకు.

పొడి ఇరుక్కుందని చ్యూట్‌ని సుత్తితో కొట్టడం కూడా మాన్పించు. సొట్ట పడినచోటల్లా పొడి ఎగిరి పక్కన తగులుతుంది.

బయట ప్లేటు మీద పెయింటుతో గడులు గీయించి, నెలకోసారి అవే చుక్కల దగ్గర మందం కొలిచే థిక్‌నెస్ గేజ్ పెట్టి పుస్తకంలో రాయించు. నాలుగు నెలల అంకెలు చేతిలో ఉంటే ఏ ప్లేటు ఎప్పుడు మార్చాలో ముందే తెలుస్తుంది, అర్ధరాత్రి ఫోను రాదు.

మొదటి వంపు దగ్గర స్కేలు ఆనించి ఫోటో తీసి పంపు. అది చూశాక ప్లేటా, టైలా అన్నది మాట్లాడుకుందాం.

పెదనాన్న