పాటకు తగ్గట్టు వెలిగే క్రిస్మస్ దీపాలు పాటను వింటాయా?

అమెరికాలో ఇళ్ల ముందు పాటకు అనుగుణంగా వెలిగే క్రిస్మస్ దీపాలు పాటను వినవు. ఏ క్షణాన ఏ బల్బు ఏ రంగులో వెలగాలో ఇంటివారు ముందే కంప్యూటర్‌లో రాసిపెట్టుకున్న క్రమాన్నే అవి అనుసరిస్తాయి.

ఎక్స్‌లైట్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాటను సాధారణంగా 25 లేదా 50 మిల్లీసెకన్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకూ ప్రతి పిక్సెల్ (విడిగా రంగు మార్చగల చిన్న బల్బు) రంగును నిర్ణయిస్తారు. ప్రదర్శన వేళ పాట, ఆ క్రమం రెండూ ఒకే ప్లేయర్ నుంచి ఒకే గడియారాన్ని బట్టి వెలువడతాయి కాబట్టి తాళం తప్పదు.

ఉదాహరణకు, చూరు వెంబడి 100 పిక్సెళ్ల తీగ ఒక్కటి కట్టారనుకుందాం. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలు కావాలి గనుక మొత్తం 300 విలువలు అవుతాయి. 50 మిల్లీసెకన్ల లెక్కన, బల్బులను నడిపే కంట్రోలర్ అనే పరికరం వాటిని సెకనుకు 20 సార్లు తీగకు పంపుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి మొదటి ఏడాది ఈ మాత్రం చాలు. తీగలు కట్టడం కన్నా క్రమం రాయడానికే ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి వేసవిలోనే మొదలుపెట్టడం మేలు.

మైకు ఉన్న దీపాల పెట్టె కొంటే ఇదే ఫలితం వస్తుందని చాలామంది పొరబడతారు. అది ఆ క్షణాన వినిపించిన శబ్దానికి మాత్రమే స్పందిస్తుంది. రాబోయే చరణం దానికి తెలియదు సరికదా, పక్కింటి కుక్క మొరిగినా వెలుగుతుంది.