ఆ సున్నా ఎక్కడ పోయిందో రాయి

తార్నాక, హైదరాబాద్

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు రెండుసార్లు చదివాను. కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్‌ని, అంటే క్యారెక్టర్ల వరుసని, నంబర్‌గా, నంబర్‌ని స్ట్రింగ్‌గా, ఒక్కో క్యారెక్టర్‌ని దాని అంకెల కోడ్‌గా మార్చే ఫంక్షన్లన్నీ పట్టికలో పెట్టావు. తప్పు ఒక్కటీ దొరకలేదు. కానీ రైలు దిగాక ఏం గుర్తుందని చూసుకుంటే ఏమీ లేదు. పేరు, పక్కన అర్థం ఇవ్వడానికి మాన్యువల్ ఉంది. ఏది మారిస్తే ఏది పోతుందో చెప్పడానికే నువ్వు కావాలి.

నా సంగతే చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక ఆఫీసుకి కస్టమర్ల జాబితా సరిచేసే ప్రోగ్రామ్ రాశాను. అందులో ఎస్టీడీ కోడ్ ఒక కాలమ్. అంకెలే కదా అని 040ని, స్ట్రింగ్‌ని పూర్ణసంఖ్యగా మార్చే పార్స్-ఇంటిజర్‌కి ఇచ్చాను. 40 వచ్చింది. దాని తప్పేముంది, నలభైకి ముందు సున్నా ఉన్నా లేకపోయినా నలభయ్యే! ప్రింట్ తీస్తే కాగితం నిండా 40లు. టెన్షన్‌లో ఫార్మాట్ అనే ఫంక్షన్‌తో మూడంకెలు వచ్చేలా ముందు సున్నా అతికించాను. హైదరాబాద్ వాళ్లకి సరిపోయింది. వరంగల్ కోడ్ 0870 మాత్రం 870గానే బయటికొచ్చింది, ఎలాగూ మూడంకెలు ఉన్నాయి కదా. అప్పుడు గానీ బుర్రకెక్కలేదు, అది సంఖ్య కాదు, అంకెల్లో రాసిన పేరు. కూడేది లేదు, తీసేది లేదు, అసలు మార్చాల్సిన పనే లేదు. నీ వ్యాసం ఇలాంటి చోట మొదలవ్వాలి.

కోఠి నుంచి కొండాపూర్ వెళ్లే 127కె బస్సు తీసుకో. ఆ నంబర్ ఇస్తే పార్స్-ఇంటిజర్ ఎర్రర్ కొడుతుంది. వెనక చెత్త ఉన్నా పర్లేదని, అంటే జంక్-అలౌడ్ అని చెబితే 127 ఇచ్చి ఊరుకోదు, రెండో విలువగా 3 కూడా ఇస్తుంది, అంటే చదవడం ఆపిన చోటు. స్ట్రింగ్ పొడవు అంతకన్నా ఎక్కువైతే తోక తెగిందన్నమాట. నువ్వు ఈ రెండో విలువ ఊసే ఎత్తలేదు. స్ట్రింగ్‌ని లిస్ప్ కోడ్‌లా చదివే రీడ్-ఫ్రమ్-స్ట్రింగ్‌ని మాత్రం 'సులువైన దారి' అన్నావు. ఆ మాట కొట్టెయ్. హాష్, చుక్క పెట్టి వెనక ఏ కోడ్ రాసినా, చదువుతూ చదువుతూనే దాన్ని నడిపించేస్తుంది అది. అలా నడిపించడానికి ఒప్పుకునే రీడ్-ఇవాల్‌ని నిల్, అంటే 'లేదు', చేయకుండా బయటివాళ్లు టైప్ చేసింది దానికి ఇవ్వడమంటే ఇంటి తాళం చేతికివ్వడమే.

నిల్ గురించి ఒక్క వాక్యం చేర్చు, పాఠకుడు ఆగి చూస్తాడు. దాన్ని స్ట్రింగ్ ఫంక్షన్‌కి ఇస్తే అది ఒక సింబల్, అంటే పేరు, కాబట్టి 'నిల్' అనే మూడక్షరాల ఇంగ్లీషు మాట వస్తుంది. ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చే కోఎర్స్‌తో స్ట్రింగ్‌గా మారిస్తే, నిల్ ఖాళీ లిస్ట్ కూడా కాబట్టి ఖాళీ స్ట్రింగ్. క్యారెక్టర్ 7కి చార్-కోడ్ దాని కోడ్ 55 ఇస్తుంది, డిజిట్-చార్-పి అంకె విలువ 7 ఇస్తుంది. ఇది నువ్వు బాగానే రాశావు.

ఇక అసలు ముచ్చట. తెలుగులో రాస్తూ ఉదాహరణలన్నీ ఏబీసీడీలతో ఇచ్చావేంటి? కామన్ లిస్ప్‌ని నడిపే ఎస్‌బీసీఎల్ తెరిచి 'శ్రీ' పొడవు అడిగి చూడు. మనం ఒకే అక్షరమంటాం, అది 4 అంటుంది. కోఎర్స్‌తో లిస్ట్ చెయ్, నాలుగూ విడివిడిగా పడతాయి: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వాటి చార్-కోడ్‌లు 3126, 3149, 3120, 3136. రివర్స్ చేస్తే ముందు ఏ హల్లూ లేని గుడి, వెనక 'ర్శ'. ఒకసారి పేర్లను మొదటి అక్షరం దగ్గర కత్తిరించే కోడ్ రాసి నేనే పరేషాన్ అయ్యాను, శ్రీనివాసులందరూ ఉత్త 'శ' అయి కూర్చున్నారు. లిస్ప్ క్యారెక్టరూ మన అక్షరమూ ఒకటి కాదని ఇంగ్లీషు ఉదాహరణ ఎన్నటికీ చూపించలేదు. ఈ భాగానికి రెండు పేజీలు తీసుకున్నా విసుక్కోను.

శీర్షికలో ఊరికే 'లిస్ప్' అని పెట్టకు, ఆ కుటుంబంలో భాషలు చాలా ఉన్నాయి. అంకె అన్నదే లేని ఓ మాటని నంబర్ చేయమంటే కామన్ లిస్ప్‌లో పార్స్-ఇంటిజర్ ఎర్రర్ ఇస్తుంది, స్కీమ్ 'కాదు' అంటుంది, ఈమాక్స్ లిస్ప్ నిమ్మళంగా 0 ఇస్తుంది. నాకు ఆ మూడోదంటేనే భయం, తప్పు జరిగినట్టే తెలియదు.

ఫోన్‌లో టైప్ చేస్తున్నానని ఫంక్షన్ల పేర్లు తెలుగులోనే కొట్టాను, నువ్వు వ్యాసంలో కోడ్‌ని కోడ్‌లాగే ఉంచు. ప్రతి ఉదాహరణా నడిపి, వచ్చిన జవాబే అతికించు. పట్టిక తీసేసి మళ్లీ పంపు. ఆదివారం ఖాళీయే, ఇంటికొచ్చినా సరే, ల్యాప్‌టాప్ మర్చిపోకు.

మీ అన్న